తలకిందుల గుట్ట

జూలై 9, మంగళవారం

అత్త ఫోన్ చేసింది.

నా మొగుడు రఘుపతి దినాలు అయిన తర్వాత ఆమె గొంతు వినడం ఇదే మొదటిసారి. వానకు గుట్ట మీద అంతా బురద. డంపర్లు ఆపేశారు. రేకుల షెడ్డులో ఒక్కదాన్నే కూర్చుని ఉన్నాను. ఎవరిదో తెలియని నంబరు. ఎత్తితే "జమునా" అంది. ఆ మాట వినగానే లేచి నిలబడ్డాను. ఫోన్లో అత్తకు మర్యాద చేసే కోడలు ఈ బొగ్గుగనుల్లో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఎలా ఉన్నావని అడగలేదు. నన్ను స్టోర్స్ నుంచి మట్టిగుట్ట మీదికి మార్చారని మరిది భూపాల్ చెప్పాడట. ఆ గుట్ట కిందే మన ఇప్పలపల్లె ఉంది కదా, మీ మామ గోరి కూడా ఆడనే ఉండాలె కదా, పైనుంచి నీకు ఎరుకైతదా అని అడిగింది.

నాకేం తెలుసు? మామ గట్టయ్య పోయినప్పుడు ఆడవాళ్లం గోరీల దాకా పోలేదు. తర్వాత కూడా పండక్కి అత్త ఒక్కతే పోయి దీపం పెట్టి వచ్చేది. ఆ పైన కంపెనీ ఊరు తీసుకుంది, అందరూ పునరావాస కాలనీకి పోయారు. తెలియదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఫోన్ పెట్టేసేది. మళ్లీ చేయడానికి ఆమెకు కారణం ఉండేది కాదు.

"నేను నిలబడ్డ కాడనే ఉన్నడత్తా. సరిగ్గ ఈ రేకుల షెడ్డు కింద" అన్నాను.

తర్వాత ఆ షెడ్డు కాలనీకి కనపడుతుందా అని అడిగింది. పొద్దున ఎండకు రేకు మెరుస్తుంది, చూడమన్నాను. ఇక రోజూ వాకిలి ఊడ్చి అటు తిరిగి దండం పెట్టుకుంటానని చెప్పి పెట్టేసింది.

మొగుడి ఉద్యోగం నేను తీసుకున్నానని, భూపాల్‌కు ఇవ్వలేదని నా గడప తొక్కడం మానేసిన మనిషి. పిల్లల్లేని దానికి ఉద్యోగం ఎందుకని పదిమందిలో అన్న మనిషి. ఆమె ఫోన్ చేస్తే నాకు ఏడుపు ఎందుకు రావాలో అర్థం కాదు.

జూలై 10

వాన. నిన్న అత్తతో అన్నది అబద్ధమని నేను అనుకోవడం లేదు. గుట్ట కింద ఊరుంది. ఊళ్లో మామ ఉన్నాడు. షెడ్డు గుట్ట మీద ఉంది. ఇందులో తప్పేముంది?

జూలై 21, ఆదివారం

సెలవు. బట్టలు ఉతికాను, ఇల్లు కడిగాను, పదకొండు కల్లా పనంతా అయిపోయింది. ఆదివారాలు ఎవరి కోసం పెట్టారో.

పెళ్లికి ముందు ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేదాన్ని. పర్వతాలు ఎలా పుడతాయో బోర్డు మీద గీసి చూపించేదాన్ని. నేను గీసినవి తప్ప ఒక్క పర్వతాన్నీ దగ్గరగా చూసింది లేదు. ఇప్పుడు జెండా ఊపి మరీ ఒకదాన్ని పెంచుతున్నాను. క్వారీలో బొగ్గు మీద ఉన్న మట్టినీ రాతినీ డంపర్లు ఇక్కడికి తెచ్చి పోస్తాయి. అవి అంచు దాకా వెనక్కి వస్తుంటే పచ్చజెండా, చాలనుకుంటే ఎర్రజెండా. నా ఉద్యోగం ఇంతే. ఎర్రజెండా మరిచిపోతే డంపరు కిందికి పోతుంది.

పిల్లలకు చెప్పినట్టు రాస్తాను. ఈ శిఖరానికి ఉత్తరాన గోదావరి. దక్షిణాన క్వారీ గొయ్యి. పడమర పవర్‌ప్లాంటు పొగగొట్టాలు. తూర్పున పొలాలు, వాటి తర్వాత పునరావాస కాలనీ. ఇక్కడి నుంచి కాలనీ ఇళ్లు ఆరబోసిన వడియాల్లా కనిపిస్తాయి. ఏది ఎవరిదో తెలియదు. గుట్ట మీద చెట్టు లేదు, కాబట్టి పిట్ట లేదు. కిందికన్నా గాలి ఎక్కువ, నీడ తక్కువ. వానకు కొత్త వాగులు పుడతాయి. పోయిన సోమవారం లేని లోయ నిన్న ఉంది. పుస్తకంలో లక్షల ఏళ్లు పట్టే కోత ఇక్కడ ఒక్క రాత్రి వానకు అయిపోతుంది. కొన్నిచోట్ల మట్టిలో కలిసిన బొగ్గు తనంతట తానే రాజుకుని పొగ లేస్తుంది. జనాభా: ఒకరు, మొదటి షిఫ్టులో మాత్రమే.

డ్రైవర్లు క్యాబిన్ దిగరు. చెయ్యి ఎత్తుతారు, పోస్తారు, పోతారు. పోయిన వారం మొత్తం మీద నేను మాట్లాడిన మాటలు కూరగాయల వాడితోనే ఎక్కువ.

ఆగస్టు 6, మంగళవారం

జియాలజిస్టు త్రివిక్రమ్ సార్ వచ్చాడు. మంథని పిల్లాడు, కొత్తగా చేరాడు, నోరు మూయడు. వాన తర్వాత గుట్ట అంచున పగుళ్లు వచ్చాయా అని చూడటానికి పంపారట. నన్ను అక్కా అంటాడు. నేను సార్ అంటే సిగ్గుపడతాడు.

సుత్తితో ఒక నల్లటి పలక రాయిని కొట్టి తెరిచాడు. లోపల ఆకు అచ్చు. ఈనెలతో సహా. డైనోసార్లు పుట్టక ముందటి చెట్టు అక్కా అన్నాడు. తర్వాత చేతులు తిప్పుతూ పాఠం మొదలుపెట్టాడు. ఇక్కడ అప్పట్లో పెద్ద నది పారేదట, ఈ ఇసుకరాయంతా దాని ఇసుకేనట, రాతిలో ఏటవాలు గీతలు చూస్తే ఆ నది ఎటు పారిందో చెప్పొచ్చట. కానీ ఈ గుట్టలో మాత్రం చెప్పలేమట. ఎందుకంటే ఇదంతా తలకిందులు. తవ్వేటప్పుడు పైపొర ముందు వస్తుంది, దాన్నే ముందు పోస్తారు. అది అడుగుకు పోతుంది. భూమిలో అన్నిటికన్నా కింద ఉన్న రాయి చివరికి వస్తుంది, అది శిఖరం అవుతుంది. మనం నిలబడ్డది లోకంలోకెల్లా పాత రాయి ఉన్న కొత్త గుట్ట అని తానే నవ్వాడు.

నాకు చాలా బాగనిపించింది. ఇంత మాట ఎవరూ నాతో మాట్లాడక చాలా రోజులైంది.

పోయేముందు ఇప్పలపల్లె ముచ్చట వచ్చింది. పాత సర్వే మ్యాపు ఆఫీసులో ఉంది, ఏ ఇల్లు ఎక్కడో, గుడి ఎక్కడో, అన్నీ చూసి చెప్పొచ్చు, మీకు ఏమన్నా కావాలా అని అడిగాడు.

నీళ్లు తాగుతారా సార్ అన్నాను.

ఆగస్టు 18, ఆదివారం

మబ్బు, చినుకులు. పొద్దున్నే అత్త ఫోన్. ఈ వారంలో ఇది మూడోసారి. డ్యూటీ లేదు, ఇంట్లోనే ఉన్నానని చెప్పాను.

మామ సంగతి ఒక్క నిమిషం మాట్లాడుతుంది. తర్వాత వేరే సంగతులు. మోకాళ్ల నొప్పులకు దవాఖానకు పోతే తిరుగుడే తప్ప మందు లేదని, భూపాల్ భార్య టీవీ సౌండు తగ్గించదని, కాలనీలో నల్లా రెండు రోజులకోసారి వస్తుందని. నా గురించి ఏమీ అడగదు. నేనూ చెప్పను. వింటూ కూర్చుంటే నా చాయ్ చల్లారిపోయింది, మళ్లీ కాచుకున్నాను.

ఇంటికి రమ్మని అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఉన్నది కూడా పోతుంది.

ఆగస్టు 27, మంగళవారం

ఎండ. షెడ్డు జరిపారు.

దీని కింద చక్రాలు లేవు, ఇనుప దూలాలు ఉన్నాయి. గుట్ట ముందుకు పెరిగితే డోజరుతో లాక్కుపోయి కొత్త అంచు దగ్గర పెడతారు. ఇది తెలిసే ఆ మాట అన్నానా అప్పుడు? తెలుసు. గుర్తు రాలేదు. అత్తకు కళ్లు సరిగా కనపడవు, ఇంత దూరం నుంచి ఆమెకేం తెలుస్తుంది.

ఆగస్టు 29, గురువారం

ముసురు. ఏడుంబావుకే ఫోన్.

"ఏందే, నిన్న రేకు గోదారి దిక్కు మెరిసింది. మీ మామ జరిగిండా?"

గుట్ట పెరిగింది కదత్తా, అందుకే అలా కనపడుతుంది, ఎత్తు పెరిగితే దూరం నుంచి పక్కకు పోయినట్టు ఉంటుంది అని చెప్పాను. భూగోళం చెప్పిన టీచర్ని. నోటికి వచ్చిన అబద్ధానికి బొమ్మ కూడా గీసి చూపించగలను.

"గట్లనా" అంది. ఇంకేం అనలేదు. తర్వాత వంకాయ ధర చెప్పింది.

సెప్టెంబరు 5, గురువారం

ఎడతెగని వాన. గోదావరి నిండుగా పోతోంది. రోజూ ఫోన్. ఈ నెలంతా వాన పడితే బాగుండు, పని ఉండదు, తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఇవాళ ఒక కోరిక కోరింది. ఆమెకు మామ పక్కన జాగా కావాలట. గోరి తవ్వినప్పుడే ఎడమ పక్క తనకు ఉంచమని చెప్పిందట. గుట్ట పని అయిపోయాక మీద చెట్లు పెడతారట కదా, నన్ను ఆయనకు సరిగ్గా పైన పెట్టించు, నువ్వు కంపెనీల పని చేస్తవు, నీ మాట వింటరు అంది.

జెండా ఊపేదాని మాట కంపెనీ వింటుందట.

"జాగ ఉంచుత అత్తా" అన్నాను.



అక్టోబరు 2, పెత్తరమాస

కడిగినట్టు ఎండ. గుడి దగ్గర అయ్యగారికి రఘుపతి పేరు చెప్పి బియ్యం, కూరగాయలు ఇచ్చాను. మామ పేరు కూడా చెప్పాను. నాకు మాటలు ఎక్కువగా రావు గాని రఘుపతికి వచ్చేవి. అన్నం తింటూ షిఫ్టులో ఎవడెవడు ఏమన్నాడో గొంతు మార్చి చెప్పేవాడు. ఇవాళ పప్పు, గారెలు చేసి రెండు ఇస్తర్లు వేసి కూర్చున్నాను. ఒకదాంట్లోనే తిన్నాను.

ఇలాంటి రోజున కూడా అత్త ఫోన్ చేయలేదు.

అక్టోబరు 16

ఎండ. ఫోన్ లేదు.

అక్టోబరు 23

ఎండ. నిన్న, మొన్న కూడా లేదు. నేనేమైనా అన్నానా? వానల్లో అన్ని మాటలు మాట్లాడి ఎండ రాగానే ఎందుకు మరిచిపోతుంది? భూపాల్ భార్య ఏదో ఎక్కించి ఉంటుంది. నేను చేయొచ్చు. చేస్తే ఏమని చేస్తాను?

నవంబరు 19, మంగళవారం

త్రివిక్రమ్ సార్ మంచి వార్త అని చెప్పాడు. గుట్ట తూర్పు కొస కింద బొగ్గు పొర ఉంది, అది కావాలి, కాబట్టి ఆ కొస మట్టిని మళ్లీ ఎత్తి ఇంకోచోట పోస్తారు. వచ్చే నెల నుంచి మిషన్లు. పై నుంచి మెట్లు మెట్లుగా దింపుకుంటూ పాత నేల దాకా పోతారట. ఇప్పలపల్లె నేల బయటపడుతుంది అక్కా, నేను చూడాలనుకుంటున్నా, ఇలాంటి అవకాశం జియాలజిస్టులకు దొరకదు అని మురిసిపోయాడు.

నేను ఎర్రజెండా పట్టుకుని అలాగే నిలబడ్డాను. వెనక్కి వస్తున్న డంపరు హారన్ కొట్టే దాకా ఊపలేదు. డ్రైవర్ మొదటిసారి క్యాబిన్ దిగి వచ్చి తిట్టాడు. తిట్టాల్సిందే.

నవంబరు 26

పొగమంచు. పొద్దున్నే ఫోన్. గుట్ట తవ్వుతారని భూపాల్ ద్వారా ఆమెకు తెలిసిపోయింది. ఇంత సంతోషంగా ఆమె మాట్లాడగా నేను వినలేదు.

"మీ మామ బయటపడ్తడటగా. నన్ను తీస్కపో బిడ్డా. ఒక్కసారి సూత్త."

బిడ్డా అంది. నా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నన్ను బిడ్డా అనడం ఇదే మొదలు.

డిసెంబరు 12, గురువారం

పొగమంచు. ఫోన్ రెండుసార్లు మోగింది. ఎత్తలేదు.

డిసెంబరు 13

మంచు. మోగింది. ఎత్తలేదు. బదిలీకి అడిగితే ఇస్తారా? నస్పూర్ వైపు ఎక్కడైనా సరే.

డిసెంబరు 14

మంచు. మోగింది.

నిజం చెబితే ఈ ముసలామె కూడా ఉండదు. ఇంత పెద్ద ఊళ్లో నా పేరు పెట్టి పిలిచేది ఆమె ఒక్కతే. చెప్పకుంటే గొయ్యి ముందు నిలబడి ఏడున్నడని అడుగుతుంది, అప్పుడు ఏ రాయిని చూపించాలి? నాకు భయంగా ఉంది.

జనవరి 8, బుధవారం

సార్ నన్ను తూర్పు కొస దగ్గరికి తీసుకుపోయాడు. గుట్టను నిట్టనిలువుగా కోసిన గోడ. పైన అంతా మనం పోసిన గజిబిజి రాయి. కింద ఎవరూ కదిలించని ఇసుకరాయి, పొరలు పొరలుగా, కుదురుగా. రెండింటి మధ్య నల్లటి గీత. నా జానెడు కూడా లేదు. అందులో ఎర్రగా గూనపెంకు ముక్కలు, ఒకచోట కాలిన ఇటుక.

ఇదే అక్కా ఇప్పలపల్లె అన్నాడు. ఇళ్లు కూలగొట్టాక మిగిలిన నేల, పైన ఇంత బరువు పడి అణిగిపోయింది.

అప్పుడు అడిగాను. అయిదు నెలల కింద నీళ్లు తాగుతారా అని దాటవేసిన ప్రశ్న అడిగాను. ఊరి గోరీలు ఎక్కడ ఉండేవి సార్?

మ్యాపు ఆయనకు నోటికే వచ్చు. గోరీలు ఊరికి దక్షిణాన, వాగు ఒడ్డున. అది ఈ గుట్ట కిందికి రాలేదు. క్వారీలోకి పోయింది. మొదటి ఏడాదే తవ్వేశారు. ఆ మట్టి ఏమైందని అడిగాను. ముందు తవ్వింది ముందు పోస్తారు కాబట్టి గుట్ట అడుగున ఎక్కడో ఉంటుంది, ఎక్కడో మాత్రం ఎవరూ చెప్పలేరు అన్నాడు. ఎవరైనా మీవాళ్లా అని అడిగాడు. మా మామ అన్నాను.

ఇంటికి వచ్చేటప్పుడు ఒక ఆలోచన వచ్చింది. అడుగున ఎక్కడో అంటే గుట్ట కిందే కదా. అంటే నేను చెప్పింది అబద్ధం కాదు. దారి పొడుగునా ఆ మాట నాకు నేను చెప్పుకున్నాను. గడియ తీసి లోపలికి వచ్చి లైటు వేశాక, నిజమని అనిపించడం మానేసింది. గోరి లేదు. ఎడమ పక్క జాగా కూడా లేదు. అత్త కోరింది అవే.

జనవరి 20, సోమవారం

మంచు. ఎత్తాను. ఎందుకు ఎత్తలేదని అడగలేదు. పాణం మంచిగున్నదా అని అడిగింది. నా గురించి ఆమె అడిగిన మొదటి మాట. బాగానే ఉన్నానత్తా అన్నాను. నన్ను ఎప్పుడు తీసుకుపోతావని అడిగింది. ఫిబ్రవరి రెండో ఆదివారం రమ్మన్నాను. సార్‌ను అడిగి పర్మిషన్ తీసుకుంటాను. ఇక దాయను.

ఫిబ్రవరి 9, ఆదివారం

వచ్చింది. భూపాల్ బండి మీద తీసుకొచ్చాడు. అతను బండి దగ్గరే ఉండిపోయాడు, నా వైపు చూడలేదు. అత్త చాలా తగ్గిపోయింది. చెయ్యి పట్టుకుని కంచె దాకా నడిపించాను. చెయ్యి తేలిగ్గా ఉంది. ఇంటి నుంచి అగరొత్తులు, కొబ్బరికాయ తెచ్చుకుంది.

కోసిన గోడ ఎదురుగా ఉంది. నల్లటి గీత చూపించాను.

"గదేనా మన ఊరు?"

"గదే అత్తా."

"గింత సన్నగనా." చాలాసేపు చూసింది. తర్వాత ఆ గీతలో ఎటువైపు అని నన్ను అడిగింది, కొబ్బరికాయ తీస్తూ.

అప్పుడు చెప్పేశాను. గోరీలు ఇక్కడ లేవు, క్వారీలోకి పోయాయి, మామ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు, ఆ రోజు నాకూ తెలియదు, తెలియకుండానే షెడ్డు కింద అన్నాను, నువ్వు ఫోన్ పెట్టేస్తావని అన్నాను. ఇన్ని నెలలు ఉత్త షెడ్డుకు నీ చేత దండం పెట్టించాను. ఇవన్నీ ఒక్క ఊపిరిలో అన్నాను. తిట్టమన్నాను కూడా.

ఆమె తిట్టలేదు. కంచె పట్టుకుని ఏడ్చింది. గోరి కోసం ఏడ్చింది, నాకు తెలుసు. పక్కన జాగా ఉంచుకున్న మనిషి. నేను ముట్టుకుంటే చెయ్యి తీసేస్తుందేమోనని ముట్టుకోలేదు. పక్కన నిలబడి నేనూ ఏడ్చాను. కొంగుతో ముఖం తుడుచుకుని కొబ్బరికాయ క్వారీ వైపు తిరిగి అక్కడున్న రాయికి కొట్టింది. ఒక చిప్ప నా చేతిలో పెట్టింది.

"గోరి జరుగుతదానే?" అంది. "షెడ్డు కింద లేడని అది జరిగిన నాడే నాకు సమజైంది. గుట్ట కింద ఏడనో ఉంటడనుకున్న."

తెలిసి కూడా రోజూ ఎందుకు దండం పెట్టావని అడిగాను.

"దండం మీ మామకే. ఆయన ఏడున్నా ముడుతది. సూసింది నిన్ను." చిప్ప తినమని చేత్తో సైగ చేసింది. "రేకు మెరుస్తే, పిల్ల డ్యూటీకెక్కింది, మంచిగనే ఉన్నది అనుకునేదాన్ని. మబ్బు పట్టి కనపడని నాడు ఫికరయ్యేది. ఫోన్ చేస్తుంటి."

కొబ్బరి నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయాను.

పోయేటప్పుడు భూపాల్ బండి స్టార్ట్ చేసి, ఆపి, "వస్తం వదినా" అన్నాడు. అత్త వెనక కూర్చుని కొంగు సర్దుకుంది. తిరిగి చూడలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

ఎక్కడా మబ్బు తునక లేదు. ఫోన్ రాలేదు.

డంపర్లు రాకముందే షెడ్డు బయటికి వచ్చి, కాలనీ ఉన్న తూర్పు వైపు తిరిగి, కాసేపు నిలబడ్డాను.